ఆస్పత్రి పక్కనే ఉంటే చాలదు

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కాపురమున్నవాళ్లకు ఒక ధీమా ఉంటుంది: ఏం జరిగినా దక్షిణ మధ్య రైల్వే సెంట్రల్ హాస్పిటల్ దగ్గరే ఉంది కదా అని. జ్వరానికీ, విరిగిన చేతికీ ఆ ధీమా సరిపోతుంది. పసివాడి గొంతుకు పల్లీ అడ్డం పడితే మాత్రం సరిపోదు. ఊపిరి పూర్తిగా ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. బిడ్డను ఎత్తుకుని ఆటో ఎక్కేలోపే సగం గడువు తీరిపోతుంది. చేయాల్సిందేదో అన్నం పెట్టే మనిషే చేయాలి.

2022 నవంబరులో వరంగల్‌లో ఎనిమిదేళ్ల బాబు, తండ్రి విదేశం నుంచి తెచ్చిన చాక్లెట్ గొంతులో ఇరుక్కుని చనిపోయాడు. బడికెళ్లే పిల్లవాడికే అలా జరిగితే, దవడపళ్లు రాని పసివాళ్ల మాటేమిటి? ఏడాదికల్లా ముందుపళ్లతో కొరుకుతారు గానీ, నమిలే పళ్లన్నీ రావడానికి రెండున్నరేళ్లు పడుతుంది. కొరికిన పల్లీ నలగకుండానే ఊపిరిగొట్టంలోకి జారుతుంది. మన దేశంలో పిల్లలకు బ్రాంకోస్కోపీ చేసి తీసేవాటిలో పల్లీలదే పెద్ద వాటా. తింటూ ఉక్కిరిబిక్కిరై తేరుకున్న బిడ్డకు ఆ తర్వాత దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే జలుబు మందుతో సరిపెట్టకండి. ఆ రోజు ఏం తిన్నాడో డాక్టరుకు చెప్పండి.

నాలుగైదేళ్లు వచ్చేదాకా పల్లీలు, పుట్నాలు పొడి కొట్టే పెట్టాలి. ద్రాక్షపండును నిలువునా నాలుగు చీలికలు చేయాలి. అడ్డంగా కోస్తే ఆ గుండ్రటి ముక్క గొట్టానికి మూతలా బిగుసుకుంటుంది. సీతాఫలం తొనను అలాగే నోట్లో పెట్టకుండా, వేళ్లతో చిదిమి నున్నటి గింజ తీసేసి గుజ్జు మాత్రమే తినిపించాలి. పేలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరి పారేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, కూర్చోబెట్టి తినిపించడం. పరిగెత్తే పిల్లవాడి వెంటపడి, ఏడుస్తున్న నోట్లో ముద్ద కుక్కడం మనకు ముద్దుగా అనిపిస్తుంది. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ మాడు మీద తట్టి నీళ్లు తాగిస్తాం. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గూ ఏడుపూ రాక, పెదాలు నీలంగా మారుతుంటే మాత్రం నీళ్లు పోయొద్దు, వేలు పెట్టి కెలకొద్దు. ఏడాదిలోపు బిడ్డనైతే ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి, రెక్కల మధ్య ఐదు దెబ్బలు వేయాలి. వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఐదుసార్లు నొక్కాలి. ఏడాది దాటితే ఐదు వీపు దెబ్బల తర్వాత, వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. అడ్డం పడింది బయటికొచ్చేదాకా ఆపకూడదు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే సీపీఆర్ మొదలుపెట్టాలి.

ఇదంతా చదివినంత మాత్రాన చేతికి రాదు. తొమ్మిదో నెల నిండగానే తట్టు, రుబెల్లా టీకాకు తల్లులు బిడ్డల్ని తెస్తారు. పాకుతూ, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ అదే. టీకా వేశాక ఎలాగూ అరగంట ఉండమంటారు. ఆ అరగంటలో తల్లి చేత, వెంట వచ్చిన అమ్మమ్మ చేత కూడా, ఒక బొమ్మ మీద ఈ దెబ్బలూ నొక్కులూ చేయించాలి. అర్బన్ హెల్త్ సెంటర్‌కు దీనికోసం కొత్త భవనమూ, కొత్త పథకమూ అక్కర్లేదు. ఒక ప్లాస్టిక్ బొమ్మ, నేర్పే ఏఎన్ఎం ఉంటే చాలు.