గెలిచారా అని కాదు, అడిగారా అని

మొన్న ఆదివారం మా మరిది హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "వదినా, డిసెంబర్లో గోవా వెళ్దాం. నువ్వూ అన్నయ్యా రండి. ఒక రాత్రి క్యాసినో పడవ కూడా ఎక్కుదాం, సరదాగా ఉంటుంది" అన్నాడు. పక్కనే కూర్చుని పేపరు చదువుతున్న మావారు తలెత్తలేదు గానీ, పేజీ తిప్పడం ఆపేశారు. ఇరవై రెండేళ్ల కాపురం మాది. ఆ పేజీ ఎందుకు ఆగిందో నాకు తెలుసు.

"ఆలోచించుకుని చెప్తాలే" అని ఫోన్ పెట్టేశాను. అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. జూదం చెడ్డదని చెప్పే మనలో చాలామందిమి దాని రుచి ఎరగనట్టు మాట్లాడతాం. నేను ఎరుగుదును. మూడేళ్ల కిందట కనుమ రోజు సాయంత్రం మా తోటికోడలూ నేనూ దగ్గరూరి బరికి వెళ్లాం. చెరువు గట్ల పొడుగునా కార్లే. లోపల పెళ్లిపందిరి లాంటి షామియానాలు, పట్టపగల్లా లైట్లు, పెద్ద పెద్ద తెరలు, బిర్యానీ కొట్లు, మైకులో డేగ గెలిచిందా నెమలి గెలిచిందా అని అరుపులు. ఆడవాళ్లూ బాగానే వచ్చారు, పట్టుచీరలు కట్టుకుని. మా వైపు సంక్రాంతి మూడు రోజులూ బరి దగ్గర కోడిపందేలు ఒక్కటే ఉండవు కదా. పేకాట, లోనా బయటా, గుండాట అన్నీ ఉంటాయి. గోవా దాకా వెళ్లక్కర్లేని మన క్యాసినో అదే.

గుండాట బల్ల మీద ఒక బొమ్మకి రెండొందలు పెట్టాను. ఆడించేవాడు డబ్బా గిలక్కొట్టి బోర్లించాడు. అది ఎత్తేలోపు ఉన్న ఆ రెండు క్షణాలు ఉన్నాయే, ఇంట్లో చుట్టాలు, పొద్దున్నే రుబ్బాల్సిన పప్పు, అమ్మాయి హాస్టల్ ఫీజు, ఒక్కటీ గుర్తులేదు నాకు. నాలుగొందలు చేతికొచ్చాయి. ఆ నాలుగొందలూ మళ్లీ పెట్టాను. పోయాయి. ఇంకో రెండొందల కోసం నా చెయ్యి తనంతట తనే పర్సులోకి వెళ్లింది. "పదక్కా, పాలవాడొచ్చే టైమైంది" అని తోటికోడలు జబ్బ పట్టుకుని లాగింది గనక వచ్చేశాను.

అదీ ఆకర్షణ. డబ్బాశ అని తేలిగ్గా అనేస్తాం గానీ, అది ఒక్కటే కాదు. ఏడాది పొడుగునా మేత ధర, ఆక్సిజన్ తగ్గి చేప తేలిపోతుందేమోనన్న భయం, చెరువు లీజు, వీటితోనే బతికే మనిషికి రెండు క్షణాలు ఏ బాధ్యతా లేకపోవడం ఎంత హాయో నాకు ఆ రోజే అర్థమైంది. అసలు అది అర్థం చేసుకుందామనే నేను బరికి వెళ్లాను.

ఎందుకంటే అంతకు నాలుగేళ్ల ముందు మా ఇంట్లో ఒక సంక్రాంతి జరిగింది.

పండక్కి వారం ముందు చెరువు పట్టుబడి అయింది. శీలావతి, బొచ్చె బాగానే దిగాయి. పండగ వెళ్లగానే మేత కొట్టువాళ్లకి కట్టాలని రెండు లక్షల ఎనభై వేలు బీరువాలో పెట్టాం. కనుమ రాత్రి అందులోంచి లక్షా తొంభై వేలు పోయాయి. నాకు పదిహేను రోజుల తర్వాత తెలిసింది, అదీ మావారు చెప్పి కాదు. "అమ్మా, బాకీ సంగతి ఏం చేశారు?" అని కొట్టు గుమాస్తా ఇంటికి ఫోన్ చేస్తే తెలిసింది. నా చంద్రహారం, అమ్మాయికని దాచిన గాజులు బ్యాంకులో పెట్టి బాకీ తీర్చాం. వాటిని విడిపించుకోడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

డబ్బు పోయినందుకు ఏడ్చాను, నిజమే. కానీ ఈనాటికీ గుచ్చుకునేది ఆ రాత్రి ఆయన అన్న మాట. "గెలిస్తే నీకు గాజులు చేయిద్దామనుకున్నా." అంటే ఆ పందెంలో నా పేరూ ఉందన్నమాట. నాకు చెప్పకుండా, నా కోసమే ఆడారట!

బి.ఏ.లో సభాపర్వం చదివినప్పుడు ద్రౌపది వేసిన ప్రశ్న పరీక్షలో వచ్చే ప్రశ్నలాగే కనిపించింది. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అని ఆవిడ అడిగింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మం అని తప్పించుకున్నాడు. ఆవిడ ఎంత ఓడిపోయావని అడగలేదు, చూశారా? నన్ను ఒడ్డడానికి నీకేం హక్కుంది అని అడిగింది. అంతకంటే ముందు ఋగ్వేదం పదో మండలంలోనే ఒక జూదరి గోడు ఉంది. పాచికలు పిలుస్తుంటే ఆగలేకపోతున్నానని అతని ఏడుపు, ఇంట్లో భార్య దుఃఖం, చివరికి పోయి పొలం దున్నుకో అన్న బుద్ధి. అంటే మన కష్టం ఏమీ కొత్తది కాదు.

క్యాసినోలో మోసం ఉండదు, అంతా రూలు ప్రకారమే అంటాడు మా మరిది. నిజమే కావచ్చు. ఆ రూలే చూద్దాం. రౌలెట్ చక్రంలో ఒక్క సున్నా ఉన్న రకానికి 37 గళ్లు ఉంటాయి. ఒక అంకె మీద పెట్టి గెలిస్తే 35 రెట్లు ఇస్తారు, మనం పెట్టింది కూడా వెనక్కిస్తారు. 37 గళ్ల మీదా వందేసి పెట్టారనుకోండి. 3,700 పెడితే 3,600 వస్తుంది. వంద వాళ్లది. అంతేనా అనిపిస్తుంది. కానీ ఆ చక్రం రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది, ప్రతిసారీ ఆ పిసరు వాళ్లు కోసుకుంటూనే ఉంటారు. పాలలో నీళ్లు కలిపేవాడినైనా ఓ రోజు పట్టుకోవచ్చు. ఇక్కడ కలుపుతామని ముందే చెప్పి కలుపుతారు. ఒక రాత్రి ఒకరు గెలవచ్చు గానీ, ఏడాది లెక్కలో గెలిచేది ఇల్లు కట్టినవాడే.

ఇంకో సంగతి వినండి. గోవాలో మాండవి నది మీద ఆ పడవలు నడుస్తున్నా, 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాళ్లకి అందులో ఆడడానికి అనుమతి లేదు. తమ ఇళ్లు చల్లగా ఉండాలి, వచ్చే డబ్బు మన ఇళ్ల నుంచి రావాలి! సింగపూరులో అయితే సొంత దేశస్థులు క్యాసినో గడప తొక్కాలంటే రోజుకి 150 డాలర్లు కట్టాలి. అంతకన్నా నాకు నచ్చింది, ఇంట్లోవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే, విచారించి ఆ మనిషిని లోపలికి రానివ్వకుండా ఆపే పద్ధతి అక్కడ ఉంది. అంటే ఒక భార్య మాటకి, ఒక తల్లి మాటకి చట్టంలో చోటుంది.

మరి మన దగ్గర? 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. కోడిపందేలు ఆపమని 2016 డిసెంబర్లో హైకోర్టు చెప్పింది. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కేంద్రం నిషేధించింది. కాగితం మీద అన్నీ నిషేధమే. పండగొస్తే మూడు రోజులు ఎవరికీ కళ్లు కనిపించవు. 2022 సంక్రాంతికి గుడివాడలో ఏకంగా క్యాసినోయే పెట్టారని ఎంత గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. లేదని చెప్పే చోట భార్య ఎవరికి చెప్పుకోవాలి? జరగనే జరగని ఆటలో మావారు డబ్బు పోగొట్టుకున్నారని ఏ స్టేషన్లో రాయించాలి?

మన తప్పు కూడా చెప్పుకుందాం. "పండక్కి ఆ మాత్రం ఆడకపోతే మగాడేంటి" అని అల్లుడి చేతిలో నోట్లకట్ట పెట్టే అత్తగార్లు మనలోనే ఉన్నారు. గెలిచొచ్చిన రోజు చీర పుచ్చుకుని మురిసిపోతాం, ఓడొచ్చిన రోజు శాపనార్థాలు పెడతాం. గెలిచారా అని గుమ్మంలో అడుగుతాం గానీ, వెళ్లేముందు ఎవరి డబ్బు తీసుకెళ్తున్నారని అడగం. ఈ అడగడం అలవాటు చేసుకోవాలన్నదే నేను చెప్పదలుచుకున్నది. ఆపలేనంతగా అలవాటు పడ్డవాళ్లకి ఇది చాలదు, వాళ్లకి రూపాయి కూడా ఇవ్వకూడదు, డాక్టరుకి చూపించుకోవాలి. సరదా అనుకునేవాళ్ల ఇళ్లల్లో మాత్రం ముందే అడిగితే చాలా పోట్లాటలు తప్పుతాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనే ఎత్తాను. "ఏమండీ, పడవ ఎక్కాలనుందా?"

కాసేపు పెరుగు కలుపుకుంటూ ఉండిపోయారు. "ఉంది" అన్నారు.

"ఎంతతో?"

"పదివేలు."

"మూడు. చెరువు డబ్బు కాదు. ఫోనూ కార్డూ నా దగ్గరుంటాయి. అయిపోతే పైకొచ్చి నాతో నది చూడాలి."

"ఐదు" అన్నారు. నాలుగు దగ్గర ఆగాం. ఇన్నేళ్లలో జూదం గురించి మా ఇంట్లో ఏడుపు లేకుండా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. అక్కడికెళ్లాక ఆ నాలుగు వేల దగ్గర ఆగుతారో లేదో నాకు తెలీదు. ఆగకపోతే అదీ మీకు రాస్తాను.

వచ్చేది సంక్రాంతి. మీరూ ఓసారి అడిగి చూడండి, పండగ రాకముందే.