ఆటలో వలపు, వలపులో న్యాయం

వార్షిక సంచికకు వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, తెలుగు శాఖవారము గనుక మేము ఏ ప్రబంధాన్ని గురించో ఏ శతకాన్ని గురించో వ్రాస్తామని వారు తలచి ఉంటారు. నిజానికి మేమూ అట్లాగే అనుకొన్నాము. కాని ఒక సాయంత్రం నెల్లూరి నుండి మైపాడు పోయే బస్సులో విన్న సంభాషణ మా ఉద్దేశాన్ని మార్చివేసింది. ప్రబంధం ఎక్కడికీ పోలేదు, కొంత దూరం నడచిన తరువాత అది కూడా వస్తుంది.

మేము ఇందుకూరుపేటలో దిగవలసినవారము. మా ముందు సీట్లలో మా కళాశాల విద్యార్థి ఒకడు, అతని చిన్నాన్న కూతురు, ఏదో ప్రేమ వ్యవహారాన్ని గురించి హోరాహోరీగా వాదించుకొంటున్నారు. పెద్దవారము వెనుక కూర్చున్నామన్న స్పృహ కూడా వారికి లేదు. మేము దగ్గగా ఇద్దరూ లేచి నిలబడ్డారు. విచారింపగా తేలినది, ఆ ప్రేమికులు మనుషులు కారు, బొమ్మలు! వారి అన్న దుబాయి నుండి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇద్దరూ వంతులవారీగా ఆడుకొనే 'డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్' అనే వీడియో గేములోని పాత్రలు. అది 2014లో వచ్చిన ఆట.

"ఏంది సార్ ఇది, నేనెంత మర్యాదగా మాట్లాడినా ఆ సెరా ఒప్పుకోదు. మోసం గదా" అన్నాడు అబ్బాయి.

"అది వాడి ఖర్మ సార్. నాది వినండి. నేను పొట్టివాళ్ల జాతి ఆడమనిషి వేషం తీసుకున్నా. కలెన్ అని ఒక సైన్యాధికారి ఉన్నాడు. మనుషుల జాతి అమ్మాయికైతే సరే, ఎల్ఫుల జాతి అమ్మాయికైతే సరే, మా పొట్టివాళ్లకు మాత్రం ఆ కథే లేదు. ఎన్నిసార్లు మొదటి నుంచి ఆడినా అంతే" అన్నది అమ్మాయి.

ఇద్దరివీ ఒకే రకం ఫిర్యాదులు అని అప్పటికి అనుకొని నవ్వి ఊరుకొన్నాము. ఇంటికి పోయి ఆలోచిస్తే అవి ఒకటి కావని తోచింది. ఆ తేడాను గురించే ఈ వ్యాసం.

ఈ ఆటలను ఎరుగని కమిటీ పెద్దల కోసం ఒక మాట. వీటిని పాత్రధారణ ఆటలు అనవచ్చును. ఆడేవాడు ఒక వేషం ధరించి కథలో ప్రవేశిస్తాడు. పేరు, రూపం, స్త్రీయా పురుషుడా, ఏ జాతి, ఏ విద్య అన్నీ తానే ఎంచుకొంటాడు. ఇది మనకు కొత్త కాదు. బాపట్ల స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కట్టి 1956లో పద్మశ్రీ అందుకొన్నారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్‌గారు పల్నాటి వీరుల కథను బుర్రకథగా చెప్పి ఊరూరా జనాన్ని ఏడిపించారు, 1986లో వారికీ పద్మశ్రీ వచ్చింది. పురుషుడు స్త్రీ అయ్యాడు, ముస్లిము బ్రహ్మనాయుడయ్యాడు. వేషానికి పుట్టుక అడ్డు రాలేదు. అయితే రంగస్థలం మీద కథ ముందే నిర్ణయమై ఉంటుంది. ఈ ఆటలలో ఏ పాత్రతో స్నేహం చేయాలో, ఎవరికి మనసు ఇవ్వాలో ఆడేవాడే నిర్ణయించుకొంటాడని చెబుతారు. చెబుతారు అని ఎందుకంటున్నామంటే, ఎవరెవరికి ఎన్ని తలుపులు తెరవాలో ఆట తయారుచేసినవాడు ముందే వ్రాసిపెట్టి ఉంటాడు గనుక.

ఆ వ్రాతలో పక్షపాతం మొదటి నుండీ ఉన్నది. 2000లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 2' అనే ప్రసిద్ధమైన ఆటలో పురుష వేషధారికి ప్రేమింపదగిన స్త్రీలు ముగ్గురు, స్త్రీ వేషధారిణికి దక్కినవాడు ఆనోమెన్ ఒక్కడు. అతడైనా మహా గొప్పలు చెప్పుకొనే మనిషి. ఆటలాడేవారు మగపిల్లలే అనే భావన తయారీదారుల మనసులో అంతగా పాతుకొని ఉండినది. 1996లో జపానులో వెలువడిన 'హార్వెస్ట్ మూన్' అనే వ్యవసాయపు ఆటలోనైతే ఆడేవాడు మగవాడే, వరించదగిన కన్యలు అయిదుగురు; ఆడపిల్లకు వేషమే లేదు. అదే ఒరవడిలో 2016లో ఒకే ఒక్క మనిషి కూర్చుని తయారుచేసిన 'స్టార్‌డ్యూ వ్యాలీ'లో ఆరుగురు పురుషులు, ఆరుగురు స్త్రీలు. ఆడేవారు ఎవరైనా ఆ పన్నెండుమందిలో ఎవరినైనా వివాహమాడవచ్చును. ఇరవై ఏండ్లలో ఎంత దూరం వచ్చినామో చూడండి.

కాని ఈ చివరి ఆటలో మాకు నచ్చని సంగతి ఒకటున్నది. వారానికి రెండు కానుకల చొప్పున ఇస్తూ పోతే ఎదుటి పాత్ర పేరు ప్రక్కన హృదయాల బొమ్మలు నిండుతూ వస్తాయి. కొన్ని నిండాక పూలగుత్తి, మరికొన్ని నిండాక ఒక లాకెట్టు ఇవ్వాలి. ఆపైన పెండ్లి. మన తీరప్రాంతంలో రొయ్యల చెరువుల ఎకరాలు లెక్కపెట్టి సంబంధాలు మాట్లాడే పెద్దలకు ఈ పద్ధతి తప్పక నచ్చుతుంది. ఇందులో అందరికీ సమానావకాశం ఉన్నమాట నిజమే. కాని ఆ పన్నెండుమందికి ఏమున్నది? ఎవరు తగినన్ని కానుకలు తెస్తే వారికి సరేననడం తప్ప వారికి వేరే దారి లేదు. ఆడేవారి పట్ల న్యాయం జరిగింది. ఆడబడేవారి పట్ల జరిగినదా అని ఎవరూ అడుగరు. బొమ్మలకు న్యాయమేమిటని నవ్వవచ్చు. బొమ్మలతో నేర్చుకొన్న అలవాటు మనుషుల దగ్గరకు రాదని హామీ ఇవ్వగలవారు మాత్రమే నవ్వాలి.

ఇక ప్రబంధం దగ్గరకు వద్దాము. అల్లసాని పెద్దన మనుచరిత్రను మా విద్యార్థులు ఎరుగుదురు. హిమాలయం మీద దారి తప్పిన ప్రవరుణ్ణి వరూధిని వలచింది. అతడు కాదన్నాడు, త్రోసిపుచ్చి, అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరాడు. అంతకు పూర్వం వరూధిని చేత తిరస్కరింపబడిన గంధర్వుడొకడు ఇదంతా చూచి ప్రవరుని రూపం ధరించి, ఆమెను కండ్లు మూసుకొమ్మని నియమం పెట్టి, తన కోరిక తీర్చుకొన్నాడు. తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడు వరూధిని విరహాన్ని గురించి గంటసేపు మాట్లాడుకొంటాము, గంధర్వుణ్ణి గురించి అయిదు నిమిషాలు కూడా మాట్లాడము. మా దృష్టిలో తెలుగు సాహిత్యంలో వేషం వేసుకొని ఆటలో గెలిచిన మొదటి ఆటగాళ్లలో అతడొకడు. అతడు చేసినది వరూధిని కాదన్న మాటను చెరిపివేయడమే. ప్రవరుడు కాదంటే ఆ కాదనడం చెల్లింది, కావ్యం ఆయనను శ్లాఘించింది. వరూధిని కాదంటే అది చెల్లలేదు, కథ అక్కడి నుండే సాగి మనువు పుట్టుక దాకా పోయింది.

దీనికి ఎదురుగా మా ఇండ్లలో పెద్దలు చెప్పే ఒక వృత్తాంతం ఉన్నది. బరీరా అనే బానిస స్త్రీని హజ్రత్ ఆయిషాగారు విముక్తురాలిని చేశారు. ఆమె భర్త ముగీస్ ఇంకా బానిసయే. విముక్తి పొందిన స్త్రీకి ఆ వివాహంలో ఉండాలో వద్దో తేల్చుకొనే అధికారం కలుగుతుంది. ధర్మశాస్త్రంలో దానిని 'ఖియార్' అంటారు, అంటే ఎంపిక. ముగీస్ ఆమెను విడువలేక మదీనా వీధులలో గడ్డం తడిసేటట్లు ఏడుస్తూ వెంట తిరిగాడట. చూడలేక ప్రవక్త (స) వారు స్వయంగా ఆమెతో మాట్లాడారు. ఇది తమ ఆజ్ఞయా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అని వారు సెలవిచ్చారు. అయితే తనకు అతనితో పని లేదన్నది బరీరా. అంతటితో ఆ మాట ముగిసింది. ఆమెను ఎవరూ నిందించలేదు. నికాహ్ నాడు వకీలు, సాక్షులు వధువు దగ్గరకు పోయి అడిగేది కూడా జవాబు రెండు విధాలుగా ఉండవచ్చునన్న నమ్మకంతోనే కదా. మన ఊళ్లలో ఆ ప్రశ్న ఎంత తొందరగా ముగుస్తుందో మాకు తెలియనిది కాదు. అది వేరే వ్యాసం.

ఇప్పుడు బస్సులోని అబ్బాయికి సమాధానం చెప్పవచ్చు. సెరా అనే ఆ పాత్ర స్త్రీలను మాత్రమే ఇష్టపడే స్వభావం కలదిగా వ్రాయబడినది. ఈ వాక్యం దగ్గర కమిటీ పెద్దలు కొందరు కనుబొమలు ముడుస్తారని ఎరుగుదుము. మతధర్మాన్ని గురించిన తీర్పులు చెప్పడానికి మేము ఆలిములము కాము. 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు అట్టివారిని నేరస్థులుగా చూడరాదన్నది, 2023 అక్టోబరులో వారి వివాహాన్ని గుర్తించడం తమ చేతిలో లేదన్నది. ఈ రెండు తీర్పుల మధ్య మన కళాశాలల వరండాలలో వెకిలి నవ్వులకు గురయ్యే పిల్లలు ఉన్నారు, ఆ నవ్వులు మేము విన్నాము. సెరా కాదన్నదంటే అది బరీరా కాదన్నంత కాదే. ఆమె ఎందుకు కాదన్నదో మనకు నచ్చవలసిన పని లేదు. అది మోసం కాదు నాయనా.

అమ్మాయి ఫిర్యాదు అట్లాంటిది కాదు. అక్కడ ఒక మనసు కాదనలేదు, ఒక జాతి మొత్తానికి ముందుగానే గోడ కట్టబడినది. ఆమె ఎట్లా మాట్లాడినదో, యుద్ధంలో ఎవరిని కాపాడినదో ఆ గోడకు అక్కర లేదు. ఇట్టి గోడ లేకుండా కూడా కథ చెప్పవచ్చునని 2023లో బెల్జియం దేశపు లారియన్ సంస్థవారి 'బాల్డర్స్ గేట్ 3' చూపినది. అందులో వెంట నడిచే ముఖ్యపాత్రలను ఏ జాతివారైనా, స్త్రీయైనా పురుషుడైనా ప్రేమింపవచ్చును. ఏది చేసినా సరేననే బొమ్మలు మాత్రం కావు. శరణుజొచ్చినవారి మీద దాడి చేసేవారితో మీరు చేతులు కలిపితే విల్, కార్లాక్ అనే ఇద్దరు మిమ్ములను విడిచి వెళ్లిపోతారు. పుట్టుకను అడుగరు, నడతను అడుగుతారు. ఎవరిని ఇష్టపడాలో అన్న స్వభావం కూడా పాత్రలకు విడివిడిగా ఉంటే ఇంకా బాగుండునని మా కోరిక, అయినా ఇది చిన్న మెట్టు కాదు.

ఇచ్చిన ఎంపికను మధ్యలో లాక్కొన్న సందర్భమూ ఉన్నది. 2018లో ఫ్రాన్సు దేశపు యూబిసాఫ్ట్ వారి 'అస్సాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ' ఆడేవారి ఇష్టానికే ప్రేమను వదలిపెట్టింది. 2019 జనవరిలో వచ్చిన అదనపు అధ్యాయంలో మాత్రం ఆడేవారు అంతవరకు ఎట్లా నడుచుకొన్నా, నాయకుడో నాయికో ఒకరితో కాపురం చేసి బిడ్డను కనక తప్పదన్నారు. వంశం నిలవాలట! ఆడేవారు ఆగ్రహించారు, తయారీదారులు క్షమాపణ చెప్పి కొంత సవరించారు. వంశం నిలవాలనే మాటతో ఎందరి ఎంపికలు రద్దయ్యాయో మా పాఠకులకు వీడియో గేము చూచి తెలుసుకొనే అవసరం లేదు.

ఇందులో మాకేమి పట్టింది, మనవారి పిల్లలకేమి పట్టింది అంటారా? మన కథలలో మనవారికి ఏ వలపు దక్కిందో ఒకసారి చూడండి. తెలుగు తెర మీద 1949లో భరణీ వారి 'లైలా మజ్ను', 1955లో 'అనార్కలి' వచ్చాయి. అక్కినేనివారే రెండింటిలోనూ నాయకులు, భానుమతిగారు, అంజలీదేవిగారు నాయికలు. గొప్ప చిత్రాలే. కాని ముస్లిము ప్రేమ అంటే ఎడారిలోనో మొగలాయి దర్బారులోనో పుట్టి, చివరకు కన్నీటిలో ముగియవలసినదే అన్నట్లుగా ఉంటుంది. 2022లో వచ్చిన 'సీతారామం' చూచి మేమూ కంట తడి పెట్టినాము. అందులో హైదరాబాదు రాకుమారి నూర్‌జహాన్ తన ప్రేమలేఖలన్నింటి కింద సీతామహాలక్ష్మి అని సంతకం చేస్తుంది. కథకు అది అవసరమే, కాదనము. అయినా నూర్‌జహాన్ అనే పేరుతోనే లేఖ వ్రాసి జవాబు అందుకొనే నాయిక ఎప్పుడు వస్తుందా అని థియేటరు మెట్లు దిగుతూ అనుకొన్నాము. కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్‌బాబుగారి 'దర్గామిట్ట కతలు' వచ్చిన తరువాత గదా, మన ఇండ్లలో మాట్లాడే మాట తెలుగు కథలో కూర్చోదగినదని నెల్లూరివారికే తెలిసినది!

మన నేల మీద ఇట్టి కథకు సామగ్రి లేకపోలేదు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. 2015లో ప్రభుత్వం దానిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. పెండ్లి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, విదేశీ రొట్టె అని పేర్లు. కోరిక తీరినవారు రొట్టె పట్టుకొని నీళ్లలో నిలబడితే, అదే కోరిక గలవారు అడిగి పుచ్చుకొంటారు. ఇచ్చేవారిది ఏ కులమో, తీసుకొనేవారిది ఏ మతమో అడిగే ఆచారం లేదు. మోకాటి లోతు నీళ్లలో పెండ్లి రొట్టె అడిగే ఒక అమ్మాయితో మొదలయ్యే ఆట ఎట్లా ఉంటుందో ఊహించండి. ఆ రొట్టె తీసుకోవాలా, వద్దనాలా అనేదే మొదటి ప్రశ్న.

ఇది ఊహగానే ఉండవలసిన పని లేదు. 2009లో వెలువడిన 'ట్వైన్' అనే ఉచిత సాధనంతో, ప్రోగ్రామింగ్ రానివారు కూడా చదువరి ఎంపికను బట్టి మలుపులు తిరిగే కథలు తయారు చేయవచ్చు. బ్రౌజరులోనే పని చేస్తుంది గనుక తెలుగు లిపికీ ఉర్దూ లిపికీ ఇబ్బంది లేదు. మన కంప్యూటరు గదిని వారానికి రెండు సాయంత్రాలు తెరచి ఉంచడానికి కమిటీవారు అనుమతిస్తే, ఉర్దూ శాఖ మిత్రులతో కలిసి ఆ బాధ్యతను మేము తీసుకొంటాము. బస్సులోని అమ్మాయి అప్పుడే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టినది. నాయికది మైపాడట. ఆమెను అడగవచ్చిన మొదటి ఇద్దరికీ ఆమె కాదన్నదట. ఆ ఇద్దరూ తరువాత ఏమయ్యారో కూడా వ్రాయమని చెప్పినాము.