గట్టిగా మాట్లాడినవాడికే ఉద్యోగమా?

ఫ్రెషర్ల సీజన్లో ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఓ పొద్దున్న నిలబడి చూడండి. వరంగల్, యాదగిరిగుట్ట బస్సులు దిగి, చేతిలో ఫైలుతో హబ్సిగూడ వైపో నాచారం వైపో ఆటోలు వెతుక్కునే పిల్లలు కనిపిస్తారు. ఒక రాతపరీక్ష, ఒక గ్రూప్ డిస్కషన్, నిమిషం పాటు మాట్లాడే 'జామ్' రౌండు, చివర్న హెచ్చార్. దీనికి మనవాళ్ళు పెట్టుకున్న పెద్ద పేరు అసెస్‌మెంట్ సెంటర్.

పద్ధతి కొత్తదేం కాదు. 1942లో బ్రిటిష్ సైన్యం ఆఫీసర్ల ఎంపికకి ఇలాంటి బోర్డులు పెట్టింది. మన ఎస్సెస్బీ ఇంటర్వ్యూలు వాటి వారసులే. అసలు సూత్రం ఏమిటంటే, ఒకే మనిషిని రకరకాల పనుల్లో, శిక్షణ ఉన్న నలుగురు చూసి, ముందే రాసుకున్న కొలతల ప్రకారం మార్కులెయ్యాలి.

మరి ఇక్కడ జరిగేదేమిటి? నేనూ ఓ కంపెనీ పానెల్లో కూర్చున్నాను. పన్నెండు మందికి పదిహేను నిమిషాల డిస్కషన్. అంటే తలకి డెబ్భై అయిదు సెకన్లు! గొంతున్నవాడు గట్టెక్కాడు. తెలుగు మీడియం కుర్రాడు ఇంగ్లీషు వాక్యం మనసులో కూర్చుకునేలోగా టైమైపోయింది. ఇంతకీ మేం తీసుకుంటున్నది టెస్టింగ్ పనికి. రోజంతా నోరు మూసుకుని తప్పులు వెతికే పని :)

కాల్ సెంటర్ ఉద్యోగానికి మాట పరీక్షించారంటే న్యాయమే, అక్కడ మాటే పని. టెస్టర్‌కీ అదే కొలతా?

2022లో పాల్ సాకెట్ బృందం పాత పరిశోధనల లెక్కలన్నీ సరిచేసింది. ఎంపికలో వచ్చిన మార్కులకీ తర్వాతి పనితీరుకీ పొంతన ఎంత అని (పూర్తిగా కలిస్తే 1). అందర్నీ అవే ప్రశ్నలడిగి ఒకే కొలతతో మార్కులేసే ఇంటర్వ్యూకి 0.42, అసెస్‌మెంట్ సెంటర్‌కి 0.29, నోటికొచ్చినవి అడిగే ఇంటర్వ్యూకి 0.19. సరిగ్గా నడిపిన సెంటరే 0.29 దగ్గర ఆగితే, మన పదిహేను నిమిషాల తంతు సంగతి చెప్పక్కర్లేదు.

నా మటుకు నాకు దారి తేలిగ్గానే కనిపిస్తోంది. తప్పులున్న ఓ చిన్న ప్రోగ్రాం ఇచ్చి గంట టైమివ్వండి. తర్వాత అందర్నీ అవే అయిదు ప్రశ్నలడగండి, కావాలంటే తెలుగులో జవాబు చెప్పనివ్వండి. ఆఫీసు ఇంగ్లీషు ఆర్నెల్లలో వస్తుంది, తప్పు పట్టే చూపు అలా రాదు.

ఇంకొక్కటి. "మేమే ఫోన్ చేస్తాం" అని పంపెయ్యకండి. ఎందుకు తీసుకోలేదో రెండు ముక్కలు రాసివ్వండి. చార్జీలు పెట్టుకుని వచ్చి రోజంతా కూర్చున్నవాళ్ళకి ఆపాటి బాకీ లేమా?