పొగకి స్విచ్ లేని దారి

అమలాపురానికి ఇంకా రైలే రాలేదు, అండర్‌గ్రౌండ్ స్టేషన్ల గొడవ మనకెందుకు అంటారా? రేపు ప్లేస్‌మెంట్ వచ్చి చెన్నైకో బెంగళూరుకో వెళ్ళాక, రోజూ మెట్రో కోసం భూమి కిందికి దిగేది మనమే.

భూమి కింద నిప్పంటుకుంటే మంటకన్నా ముందు చంపేది పొగ. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి 9 మంది చనిపోయారు. సొరంగం నిండా కమ్మేసిన పొగ వల్ల, కాపాడ్డానికి వెళ్ళినవాళ్ళే వెంటనే లోపలికి పోలేకపోయారు.

మెట్రో స్టేషన్లలో పొగని లాగెయ్యడానికి పెద్ద ఫ్యాన్లు ఉంటాయి, వాటికి బ్యాకప్ కరెంటూ ఉంటుంది. కానీ కేబుల్, కంట్రోల్ ప్యానెల్, మోటారు అన్నీ పనిచేస్తేనే ఫ్యాన్ తిరుగుతుంది. కోడ్ రాసే మనం ఇలాంటి సిస్టమ్‌ని నమ్ముతామా?

మన పాత పెంకుటిళ్ళలో వంటింటి పొగగూడుకి స్విచ్ లేదు. వేడి పొగ తేలిక కాబట్టి దానంతటదే పైకి పోతుంది, గుమ్మంలోంచి చల్లగాలి లోపలికొస్తుంది. స్టేషన్ కప్పు నుంచి రోడ్డు మీదికి వెడల్పాటి గొట్టాలు తీస్తే జరిగేదీ ఇదే. ఆ దారి లేకపోతే పొగ మెట్లెక్కుతుంది. మనం పారిపోవాల్సినవీ ఆ మెట్లే.

బాగా లోతైన స్టేషన్లో పొగ పైకి చేరేలోపే చల్లారి కిందికి దిగిపోవచ్చు. అక్కడ ఫ్యాన్లు తప్పవు. లోతు తక్కువున్న చోట మాత్రం, రోడ్డు మీద స్థలం పోతుందని గొట్టాలు మానెయ్యడం తప్పు. ఫ్యాన్లు ఉండాలి, అవి ఆగిపోయినా పొగ పోయే దారీ ఉండాలి.