మేత సజ్జ: మీ మెట్ట చేనుకు సరిపోతుందా? విత్తనం ఎక్కడ అడగాలి?

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అప్పటి నుంచి సజ్జ, కొర్ర, రాగి అంటే మన కంచంలోకి వచ్చే తిండి గురించే చర్చ. కానీ అనంతపురం లాంటి మెట్ట ప్రాంతంలో ఈ పంటలు పశువుల కడుపు కూడా నింపేవి. జొన్న, సజ్జ చేలు తగ్గి వేరుశనగ పెరిగాక చొప్ప తగ్గింది. వాన ముఖం చాటేసిన ఏడాది వేరుశనగ కట్టె కూడా అంతంతమాత్రమే. అప్పుడు రైతు ముందు రెండే దారులు: గడ్డి కొనడం, లేదా పశువులను సంతకు తోలడం.

సజ్జే ఎందుకు?

అనంతపురం సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. తేలిక నేలల్లో, తక్కువ తేమతో నిలబడే పంట సజ్జ. మేత కోసమైతే ఎకరాకు 4 నుంచి 5 కిలోల విత్తనం సరిపోతుంది. 50 నుంచి 60 రోజుల్లో, సగం పూత దశలో కోయాలి. ఆలస్యమైతే కాడ ముదిరి పశువులు వదిలేస్తాయి. మధ్యలో అలసంద సాళ్లు వేస్తే మేతలో మాంసకృత్తులు పెరుగుతాయి.

ఒక చిన్న లెక్క చూడండి. ఎకరాకు 6 టన్నుల పచ్చిమేత వచ్చిందనుకుందాం. గేదెకు రోజుకు 15 కిలోలు వేస్తే రెండు గేదెలకు 200 రోజులు. అయితే కోసిన పచ్చిమేత అన్ని రోజులు నిలవదు. ఎండబెట్టి వామి వేయాలి, లేదా పాతర వేయాలి. వేసవిలో ఆదుకునేది ఇలా దాచిన మేతే.

ప్రమాదం ఎక్కడ?

లేత జొన్నలో, బెట్టకు గురైన జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. దీన్నే మన రైతులు ‘నాము’ అంటారు. సజ్జలో ఈ బెడద లేదు. కానీ యూరియా ఎక్కువ వేసిన సజ్జ బెట్టకు వస్తే నైట్రేట్ పేరుకుంటుంది. మేతను ఎండబెట్టినా అది పోదు. మేసిన పశువు ఆయాసపడినా, నురగ కక్కినా, తూలి పడినా వెంటనే 1962కు ఫోన్ చేయండి. నాముకు విరుగుడు మందు ఉంది. అది సమయానికి అందాలి, అంతే.

ప్రభుత్వం నుంచి ఏం వస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో రాయితీ మేత విత్తనాల కోసం మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని గానీ, పశువైద్యశాలలో గానీ అడగండి. రాయితీ ఎంత, ఒక్కో రైతుకు ఎన్ని కిలోలు అన్నది ఏటా మారుతుంది. అందుకే మే నెలలోనే వెళ్లి అడగడం మేలు. పదును ఆరాక వచ్చిన విత్తనం ఎంత రాయితీ ఇచ్చినా దండగే.

జాతీయ పశుసంపద మిషన్ కింద పాతరగడ్డి, గడ్డి బేళ్ల యూనిట్లకు 50 శాతం రాయితీ ఉంది. గరిష్ఠంగా 50 లక్షల రూపాయలు. ఇది పెట్టుబడి పెట్టగలవారికి పనికొచ్చే పథకం. రెండెకరాల రైతుకు చేరేది విత్తనం సంచి వరకే. పైగా సజ్జ గింజకు కనీస మద్దతు ధర ఉంది, మేతకు లేదు. అసలు లోటు ఇక్కడే.

బీడు దున్నొచ్చా?

2024 ఫిబ్రవరిలో కేంద్రం ఇదే మిషన్‌ను సవరించింది. బంజరు, పచ్చిక భూముల్లో మేత పెంపకానికి రాష్ట్రాలకు సాయం ఇస్తామంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రికార్డుల్లో బంజరుగా రాసిన చాలా నేల నిజానికి గొర్రెల కాపరుల మేత బీడు. దాన్ని దున్ని సజ్జ చల్లితే ఒక పంట వస్తుంది. ఏళ్ల తరబడి తనంతట తాను మొలిచే గడ్డి మాత్రం పోతుంది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో ఆదేశించింది కూడా.

కాబట్టి మేత సజ్జకు చోటు మీ సొంత చేనులోనే చూసుకోండి. ఊరి బీడులో మేత పథకం వస్తుందని తెలిస్తే గ్రామసభలో ఒక్క ప్రశ్న వేయండి: ఇప్పుడు అక్కడ ఎవరి మందలు మేస్తున్నాయి? రేపు అవి ఎక్కడికి పోవాలి?