మూడుసార్లు తిప్పి పంపిన పేరు

రాత్రి పదకొండున్నరకి నాయన చెరువుల మీద నుంచి ఫోన్ చేశాడు. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోయాయి, డీజిల్ ఇంజన్ స్టార్ట్ కావడం లేదు, మెకానిక్‌కి ఫోన్ కొట్టమని. "ఒక్క పది నిమిషాలు ఆగు నాయనా" అన్నాను. రొయ్యల చెరువులో రాత్రిపూట ఏరియేటర్ ఆగితే పది నిమిషాలంటే ఏంటో మా ఇందుకూరుపేట మండలంలో చిన్నపిల్లోడిని అడిగినా చెబుతాడు. నాకూ తెలుసు. అయినా ఆ పది నిమిషాలు నేను చేస్తున్న పని ఏంటో తెలుసా? 1953 నాటి 'దేవదాసు' పేజీలో ఎవరో హీరో రామ్ పోస్టర్ పెట్టి పోతే, దాన్ని తీసేసి నాగేశ్వరరావు గారి పోస్టర్ మళ్ళీ పెడుతున్నాను.

మెకానిక్‌కి ఫోన్ చేశాలెండి. రొయ్యలు బతికాయి. నాయన మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పగలు నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీకి కోడ్ రాస్తాను. రాత్రి నా పని సినిమా డేటాబేస్. జనమే సినిమాల వివరాలు చేర్చే ఒక డేటాబేస్‌లో నేను మోడరేటర్‌ని. జీతం? పైసా లేదు. "మరి ఎందుకురా?" అని అమ్మ అడుగుతుంది. నా దగ్గర సరైన జవాబు ఎప్పుడూ లేదు.

ఇట్టాంటివి ప్రపంచంలో చాలా ఉన్నాయి. అందరికీ తెలిసిన ఐఎండీబీ కూడా 1990లో కోల్ నీధమ్ అనే సినిమా పిచ్చాయన, ఆయనలాంటి ఇంకొందరు ఇంటర్నెట్‌లో జాబితాలు పంచుకుంటుంటే పుట్టిందే. 1998లో అమెజాన్ కొనేసింది. 2008లో మొదలైన టీఎండీబీలో ఇప్పటికీ ఖాతా ఉన్న ఎవరైనా సినిమా వివరాలు మార్చొచ్చు. మీరు లెటర్‌బాక్స్‌డ్‌లో సినిమాకి చుక్కలు ఇస్తే అక్కడ కనిపించే పోస్టరూ, నటీనటుల పేర్లూ వచ్చేది టీఎండీబీ నుంచే. ఎవరో ఒకడు రాత్రి కూర్చుని ఎక్కించినవే అవన్నీ. అంటే ఒక చోట తప్పు పడితే అది పది చోట్ల తేలుతుంది. అందుకే జనం పంపిన ప్రతి మార్పునూ చూసి సరే అనడానికో, కాదని తిప్పి పంపడానికో నాలాంటి వాళ్ళు కావాలి.

క్యూలో ఏం వస్తాయో చెబితే నవ్వుతారు. షూటింగే మొదలుకాని సినిమాకి మొదటిరోజు వసూళ్ళు. ఒకే కుర్రాడు పద్నాలుగు పెద్ద సినిమాల్లో తన పేరు చేర్చుకుని పంపుతాడు, పాత్ర పేరు దగ్గర 'హీరో ఫ్రెండ్' అని. పద్నాలుగింటిలోనూ హీరో ఫ్రెండే. తిప్పి పంపితే "మీరు ఫలానా హీరో ఫ్యాన్ కదా, అందుకే" అంటాడు. ఇంకొకాయన వాళ్ళ బావమరిది పెళ్ళి వీడియోని డాక్యుమెంటరీ అని పంపాడు. నిడివి 4 గంటల 10 నిమిషాలు. నిజం చెప్పొద్దూ, పోస్టర్ మాత్రం బాగా చేయించాడు.

ఇవి తేలికైనవి. కష్టమైనవి వేరే. 1955లో ఎల్వీ ప్రసాద్ గారు 'మిస్సమ్మ'ని తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. రెండింట్లోనూ సావిత్రే. తెలుగులో ఎన్టీఆర్, తమిళంలో జెమినీ గణేశన్. కాబట్టి రెండు సినిమాలు, రెండు పేజీలు, గొడవ లేదు. 2015లో 'బాహుబలి' కూడా రెండు భాషల్లో తీశారు, కానీ అదే హీరో, అదే విలన్. ఒక పేజీయా, రెండు పేజీలా? ఒక పేజీ అయితే 'అసలు భాష' అన్న గడిలో ఒకటే రాయాలి. ఆ గడి కోసం తెలుగోళ్ళూ తమిళులూ కొట్టుకుంటే మధ్యలో తిట్లు తినేది మోడరేటరు.

'శంకరాభరణం' ఏ సంవత్సరం సినిమా? జాతీయ అవార్డులు వచ్చింది 1979 సినిమాల కోటాలో. హాల్లోకి వచ్చింది 1980 ఫిబ్రవరి 2న. ఒకరు 1979 అంటారు, ఇంకొకరు 1980 అంటారు, ఇద్దరి దగ్గరా లింకులున్నాయి. ఆత్రేయ గారిది సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడు. మనకి నెల్లూరు జిల్లా ఆత్రేయే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది. అప్పటి నుంచి ఒకాయన తిరుపతి అని మారుస్తాడు, ఇంకొకాయన నెల్లూరు అని మారుస్తాడు. 1921లో పుట్టిన మనిషికి 2022లో జిల్లా మారుద్దామా అంటే నా మనసొప్పదు. కానీ మోడరేటర్‌కి మనసుతో పని లేదు, రూలుతోనే పని. రూలు ఒకటే: ఆధారం చూపించు.

ఈ రూలు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఇంజనీర్‌ని కదా. ఆధారం లింకు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. అందుకే ఒక ఆదివారం కూర్చుని చిన్న స్క్రిప్టు రాశాను. కొత్త ఖాతా నుంచి లింకు లేకుండా ఏ పేరు వచ్చినా అదే చూసుకుని 'నమ్మదగిన ఆధారం లేదు, ధన్యవాదాలు' అని ఇంగ్లీషులో జవాబిచ్చి తిప్పి పంపేస్తుంది. నా క్యూ సగానికి తగ్గింది. మిగతా మోడరేటర్లు భలే అన్నారు. నేనూ భుజం తట్టుకున్నాను.

అయితే లింకు ఉన్నంత మాత్రాన నిజమైపోదని తెలుగు సినిమా పుట్టినరోజే చెబుతుంది. మన మొదటి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని ఏళ్ళ తరబడి రాసుకున్నాం, పండగ చేసుకున్నాం. పుస్తకాల్లో అదే, పేపర్లలో అదే. జర్నలిస్టు రెంటాల జయదేవ గారు పాత పత్రికలు, సెన్సార్ వివరాలు తిరగేసి చూస్తే ఆ సినిమాకి సెన్సార్ అయిందే 1932 జనవరి 22న. బొంబాయి కృష్ణా థియేటర్లో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. ఆ తప్పు తేదీ అన్నేళ్ళు బతికింది ఆధారాలు లేక కాదు. ఒకరిని చూసి ఒకరు రాసిన ఆధారాలు బోలెడు ఉండబట్టే. 2005లో నా స్క్రిప్టు ఉండి ఉంటే, 1931 అన్నవాళ్ళని లోపలికి రానిచ్చేది.

ఇదంతా తెలిసీ నేను ఒక పేరుని మూడుసార్లు తిప్పి పంపాను.

ఎనభైల నాటి ఒక సినిమా. పేరు చెప్పను, పెద్దగా ఆడింది కూడా కాదు. దాని పేజీలో ఒక కొత్త ఖాతా ఒక మగమనిషి పేరు చేర్చింది. పాత్ర: పడవ నడిపే మనిషి. లింకు లేదు. స్క్రిప్టు తిప్పి పంపింది. వారం తర్వాత మళ్ళీ వచ్చింది. మళ్ళీ పంపింది. మూడోసారి నా కంటపడింది. టైటిల్స్‌లో ఆ పేరు లేదు, ఎక్కడా లేదు. ఈసారి నా చేత్తో నేనే తిప్పి పంపాను, అదే ఇంగ్లీషు వాక్యంతో. మర్నాడు తెలుగులో జవాబు వచ్చింది: "అయ్యా, ఆయన మా నాయన. లింకు అంటే ఏంది? యాడ ఇస్తారు?"

కాసేపు ఆ రెండు ముక్కలే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆమెకు తెలుగులో రాశాను, ఎవరు మీరు, ఏ ఊరు అని. చూస్తే మా ఇంటికి బండి మీద గంట దూరం. సముద్రం ఒడ్డున పాలెం. ఆదివారం పొద్దున్నే పోయాను. ఆమెకి నలభై పైనే ఉంటాయి, ఎండు చేపల వ్యాపారం. "కూర్చో అబ్బయ్యా" అని కుర్చీ వేసి, ముందు రాగి జావ ఇచ్చింది, తర్వాతే మాట.

వాళ్ళ పిల్లోడు టీవీలో ఏదో యాప్‌లో సినిమా చూస్తూ మధ్యలో ఆపితే పక్కన నటుల పేర్లు వస్తాయంట. "తాత ఉండే సినిమా" అని వీళ్ళింట్లో ఎప్పుడూ చెప్పుకునే ఆ సినిమా పెట్టి, తాత కనపడే చోట ఆపాడు. హీరో పేరు వచ్చింది, హీరోయిన్ పేరు వచ్చింది. "తాత పేరు రాలేదేందమ్మా?" అన్నాడు. అంతే, వాడే ఫోన్లో వెతికి మా డేటాబేస్ పట్టుకుని, ఆమె పేరుతో ఖాతా తెరిచి పంపాడు. మూడుసార్లూ.

"మరి ఫోటో ఏమన్నా ఉందా అక్కా, షూటింగ్ అప్పటిది?" అన్నాను. నవ్వింది. ఆయన ఫోటో అంటూ ఇంట్లో ఉండేది పాత రేషన్ కార్డు మీదది ఒక్కటే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఆ షూటింగ్‌లో రెండో పడవ నడిపిన పెద్దాయన ఇంకా ఉన్నాడంటే ఆయన దగ్గరికి తీసుకుపోయింది. చూపు సరిగా లేదు, టీవీ చూసి చాలాకాలమైందంట. మాట మాత్రం గట్టిగా ఉంది. "రెండు దినాలు తీసినారు. దుడ్లు ఇచ్చినారు, అన్నం పెట్టినారు. పెట్టె వంక చూడొద్దు, చూడొద్దు అని అరస్తానే ఉండారు. ఈళ్ళ నాయన వింటాడా? తెడ్డేస్తా తెడ్డేస్తా ఒక్కపాలి నేరుగా పెట్టె వంకే చూసినాడు. తిట్టినారు కూడా."

ఫోన్ తీసి అక్కడే ఆ పాట పెట్టాను. హీరో హీరోయిన్ పడవ ముందువైపు కూర్చుని ఉంటారు. వెనక తెడ్డు పట్టుకుని ఒక సన్నటి మనిషి. నాలుగు సెకన్లు. మూడో సెకనులో తలెత్తి నేరుగా మన వంక చూస్తాడు. ఎడిటింగ్‌లో ఎవరూ పట్టించుకున్నట్టు లేరు. ఆమె ఫోన్ దగ్గరికి రాలేదు. దూరం నుంచే "చూసినావా" అంది.

ఇంటికొచ్చి ముందు స్క్రిప్టు ఆపేశాను. తర్వాత నేనే ఆయన పేరు చేర్చి పంపాను. 'టైటిల్స్‌లో పేరు లేదు' అన్న గుర్తు పెట్టి, పాట నిమిషం, సెకను రాశాను. నేను పంపింది నేనే ఒప్పుకోకూడదన్నది ఇంకో రూలు. అది మంచి రూలే. దాంతో ఇంకో మోడరేటర్ చేతికి పోయింది. ఆయన ఎక్కడో విదేశంలో ఉంటాడు, తెలుగు రాదు. బాగా మర్యాదస్తుడు. "పడవలో ఒక మనిషి ఉన్నాడని ఈ వీడియో చెబుతోంది. ఆ మనిషి పేరు ఇదేనని చెప్పే ఆధారం ఏది?" అని అడిగాడు.

కోపం వచ్చింది. కానీ ఏమని తిట్టను? ఆయన స్థానంలో నేనున్నా అక్షరం పొల్లు పోకుండా అదే అడుగుతాను. హీరో ఫ్రెండ్ కుర్రాడు పద్నాలుగు సినిమాలతో క్యూలో నిలబడి ఉన్నాడు మరి. ఈ తలుపు తీస్తే వాడికీ తియ్యాలి. పెద్దాయన చెప్పింది రాసి, ఆయన మాట రికార్డు చేసింది పెట్టాను. ఇంగ్లీషులోకి మార్చి కింద రాశాను. "కుటుంబానికి తెలిసినవాళ్ళు చెప్పిన మాట లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మిగతా వాళ్ళని అడుగుతాను" అన్నాడు. ఐదు వారాలైంది. ఇద్దరు సరే అన్నారు, ఒకరు వద్దన్నారు, మిగతావాళ్ళు ఇంకా చూడలేదు.

మొన్న రాత్రి క్యూ చూస్తుంటే చెరువు మీద నుంచి నాయన ఫోన్. ఈసారి ఒక్క రింగుకే ఎత్తాను. ఏం లేదు, మోటార్ ఆడుతోంది, ఊరికే చేశానన్నాడు. "ఆ పడవాయన పేరు ఎక్కిందా?" అని అడిగాడు. ఆ సంగతి ఆయనకి అమ్మ చెప్పినట్టుంది. ఇంకా లేదన్నాను.

అదే మాట ఆమెకీ ప్రతి ఆదివారం చెబుతున్నాను. నిన్న మెసేజ్ పెట్టింది: "అబ్బయ్యా, రేషన్ కార్డు పనికొస్తదేమో వాళ్ళని అడగరాదా?" ఫోటో తీసి పంపమన్నాను. కార్డు మీద ఉన్నవి ఆయన బొమ్మా, పేరూ, ఇంటి నంబరూ. నంబరు కనపడకుండా చేసి ఎక్కించాను.