ఎర్ర కన్ను.. వెలుగు పడట్లేదా?

మా టీమ్‌లో ఎవరి కన్ను ఎర్రబడినా తీర్పులు రెండే. ‘స్క్రీన్ ఎక్కువైంది’, లేదంటే ‘కళ్లకలక’. స్క్రీన్ వల్ల కళ్లు పొడిబారి మండుతాయి, నిజమే. కలకైతే పుసులు కట్టి, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోతాయి. కానీ ట్యూబ్‌లైట్ వెలుగుకే కన్ను తెరవలేక, లోపల నొప్పిగా, చూపు మసకగా ఉంటే? డార్క్ మోడ్ పెట్టుకుని లాగించేసే కేసు కాదది.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు ముందు కార్నియాను అనుమానించాలి. లెన్సులతోనే నిద్రపోతే అక్కడ ఇన్‌ఫెక్షన్ చేరి పుండు పడే ముప్పు ఎక్కువ. వెంటనే లెన్సు తీసేసి, ఆ రోజే కంటి డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఇంకోటి యువియైటిస్, అంటే కంటి మధ్య పొర వాపు. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు వలయంలా కనిపిస్తుంది. 20, 30 ఏళ్లవాళ్లకీ వస్తుంది. విచిత్రమేంటంటే దీనికి నడుముతో లింకుంది! లేవగానే నడుము అరగంటకు పైగా పట్టేసి, నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటోందా? మనం కుర్చీని తిట్టుకుంటాం. అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావొచ్చు. కంటి డాక్టర్‌కి నడుము సంగతీ చెప్పండి, నవ్వరు.

మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవడం మాత్రం వద్దు. యువియైటిస్‌కి డాక్టర్లు రాసే స్టెరాయిడ్ చుక్కలే, హెర్పిస్ పుండు మీదో ఫంగస్ పుండు మీదో పడితే చూపు పోవచ్చు. ఏది ఏదో స్లిట్ ల్యాంప్ కింద చూస్తేగానీ తేలదు. ఇప్పటికే ఏవో చుక్కలు వేసేసుకున్నారా? ఆ సీసా కూడా జేబులో పెట్టుకెళ్లండి.